తిప్పి పంపడమైనది

ముఖం కడుక్కోకముందే పెద్దాయన దీపాలు లెక్కపెట్టేశాడు. హాల్లో చెప్పుల అల్మరా పైన, గోడకు బిగించిన చెక్క మీద వైఫై డబ్బా ఉంటుంది. దానికి నాలుగు దీపాలు. నాలుగూ పచ్చగానే ఉన్నాయి. మూడోది మిణుకు మిణుకుమంటోంది. అది అలా మిణుకుతూనే ఉండాలి, ఆగిపోతేనే కంగారు పడాలి. భుజం మీది తువ్వాలుతో డబ్బా నెత్తి తుడిచి, రెండు కొమ్ములూ విడివిడిగా తుడిచి, కింద మేకుకు వేలాడుతున్న పుస్తకం వంకర పోకుండా సర్దాడు. ఎడమ భుజం పట్టేసినట్టుంది. రాత్రి ఆ పక్కనే ఒత్తిగిలి పడుకుని ఉంటాననుకుని చేయి రెండుసార్లు విదిలించాడు.

అది పొడుగాటి పుస్తకం. లోపల స్కేలు పెట్టి గీసిన ఐదు గడులున్నాయి: వరుస సంఖ్య, వస్తువు, ఎవరిది, నంబరు, అనుమతించిన తేదీ. గీతలు గీసి ఇచ్చింది కోడలే. ఆ పుస్తకాన్ని చూసి నవ్వని మనిషి ఇంటా బయటా ఆమె ఒక్కతే. అట్టకు దారం కట్టి, దారానికి ఒక బాల్‌పెన్ను కట్టారు. ఇప్పటికి పదకొండు వస్తువులు ఎక్కాయి. ఒక్క కొట్టివేత కూడా లేదు.

ఆయన బట్టల మిల్లు గేటు దగ్గర ముప్ఫై నాలుగేళ్ళు కూర్చున్న గుమాస్తా. పాసు చూడాలి, ముఖం చూడాలి, పుస్తకంలో రాయాలి, గేటు తీయమని సైగ చేయాలి. ఇంతేనా ఉద్యోగం అని ఎవరైనా అంటే ఆయనకు ఒళ్ళు మండేది. అలా అన్నవాణ్ణి ఒక్కపూట ఆ కుర్చీలో కూర్చోబెట్టి చూడాలనేవాడు. సైరను మోగే వేళకు ఆరేడు వందల మంది ఒకేసారి మీద పడితే, అందులో పాసు లేనివాణ్ణి పట్టుకోవడమంటే మాటలు కాదు. భార్య బతికున్న రోజుల్లో, ఈయన నిద్రలో కూడా పాసేదీ అని అడుగుతాడని చుట్టాల ముందు చెప్పి నవ్వించేది. ఆవిడ పోయింది. తర్వాత మిల్లూ మూతపడింది. గేటు లేని గుమాస్తా ఇంట్లో ఏం చేయాలో తెలియక మూడేళ్ళు కిటికీలోంచి వీధి చూస్తూ గడిపాడు.

ఆ తర్వాత ఇంటికి ఇంటర్నెట్ వచ్చింది. లైను బిగించడానికొచ్చిన మనిషిని పెద్దాయన ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. పాస్‌వర్డ్ తెలిసినవాడల్లా లోపలికొచ్చేస్తాడా, ముఖం చూసేవాడెవడూ ఉండడా? లైను మనిషి సరదా మనిషి. ఉన్నాడండీ అంటూ డబ్బా లోపలి జాబితా ఒకటి ఫోనులో తెరిచి చూపించాడు. ప్రతి ఫోనుకూ, ప్రతి కంప్యూటరుకూ పుట్టుకతో పన్నెండు అక్షరాల నంబరు ఒకటుంటుందట. ఆ జాబితాలో నంబరు ఉన్నదాన్నే డబ్బా లోపలికి రానిస్తుందట, మిగతావాటికి పాస్‌వర్డ్ తెలిసినా తలుపు తీయదట. ఆ రోజు నాన్న ముఖం చూడాల్సిందే అని కొడుకు ఇప్పటికీ చెబుతాడు. వియ్యంకుడు వచ్చినప్పుడు కూడా ఫోను నంబరు రాసుకున్నాకే కాఫీ ఇచ్చారు. ఈ ఇంట్లో చెప్పులు గుమ్మం బయట, ఫోను గుమ్మంలో అని ఆయన మేలమాడాడు. పెద్దాయన ఏమీ అనుకోలేదు. గేటు దగ్గర అంతకంటే ఘాటైన మాటలు చాలా పడ్డాడు.

కొడుకు పనికి వెళ్ళిపోయాక, తొమ్మిదింటికి కోడలు ల్యాప్‌టాప్ తెరిచింది. ఆసుపత్రి డాక్టర్లు రికార్డు చేసి పంపే మాటలు విని, వాటిని ఉత్తరాలుగా టైపు చేసి పంపడం ఆమె పని. ఆ పని దొరికి ఇంకా నెల కాలేదు. ఈ నెలంతా పరీక్షేనని, రెండుసార్లు గడువు తప్పితే పేరు కొట్టేస్తామని ముందే చెప్పారు. ల్యాప్‌టాప్ చెడిపోయి రిపేరు షాపులో ఉన్నప్పుడు ఒకసారి తప్పింది. నిన్న సాయంత్రం అది బాగుపడి ఇంటికొచ్చింది. అది చెడకముందే దించి పెట్టుకున్న మాటలు విని, పద్నాలుగు ఉత్తరాలు రాత్రి కూర్చుని టైపు చేసేసింది. ఇక పంపడమే మిగిలింది. గడువు ఈ రోజు నాలుగు గంటలు.

ల్యాప్‌టాప్ ఇంటి వైఫై పేరును గుర్తుపట్టింది. పాస్‌వర్డ్ అడిగింది. ఇస్తే తీసుకుంది. చిన్న చక్రం తిరిగి తిరిగి, కనెక్ట్ కాలేకపోయిందని చెప్పింది. ఎందుకు కాలేదో మాత్రం చెప్పలేదు. కోడలు పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టింది, ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ మూడోసారి కొట్టింది. ల్యాప్‌టాప్ ఆపి తెరిచింది. డబ్బా ఆపి వేసింది. ఆమె ఫోను హాయిగా పనిచేస్తోంది, పెద్దాయన ఫోనూ పనిచేస్తోంది, గోడ మీది టీవీ కూడా పనిచేస్తోంది. దీనికొక్కదానికే ఏం రోగమొచ్చిందో అర్థం కాలేదు.

చివరికి తటపటాయిస్తూ పెద్దాయన దగ్గరికొచ్చింది.

"మామయ్యా, మీ లిస్టులోంచి నా ల్యాప్‌టాప్ ఏమన్నా పోయిందేమో ఒకసారి చూస్తారా?"

ఆయనకు ఆ మాట చురుక్కుమంది, అయినా పైకి తేలనీయలేదు. పుస్తకం తీశాడు. మూడో వరుసలో కోడలి ల్యాప్‌టాప్ ఉంది. దాన్ని బోర్లా తిప్పించి, అడుగున అంటించిన చీటీ మీది నంబరును కళ్ళజోడు పైకెత్తి, కిందికి దించి, వేలు పెట్టి చదివాడు. తర్వాత తన ఫోనులో డబ్బా జాబితా తెరిచి చూశాడు. చీటీ మీదా, పుస్తకంలోనూ, జాబితాలోనూ నంబరు ఒక్కటే.

"అక్షరం పొల్లుపోలేదమ్మా. నా గేటు తెరిచే ఉంది."

నిజమే మామయ్యా అని ఆమె ఒప్పుకుంది. ఇంటర్నెట్ కంపెనీకి ఫోను చేస్తే అవతలి ఆడమనిషి డబ్బాను ముప్ఫై సెకన్లు ఆపమంది. పెద్దాయన గోడ గడియారం కింద నిలబడి ముప్ఫై లెక్కపెట్టి, నమ్మకం చాలక ఇంకో పది కలిపాడు. దీపాలు మళ్ళీ వెలిగాయి. మీ డబ్బా భేషుగ్గా ఉంది, లోపం ల్యాప్‌టాప్‌లోనే ఉందని ఆవిడ తేల్చేసింది. రిపేరు షాపుకు ఫోను చేస్తే ల్యాప్‌టాప్ భేషుగ్గా ఉంది, ఇక్కడ గంటసేపు పాటలు పెట్టి మరీ చూశాం, లోపం మీ డబ్బాలోనే ఉందన్నాడు షాపతను. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం.

పక్కింటి టీచరమ్మ వైఫైతో చూద్దామని ల్యాప్‌టాప్‌ను అక్కడికి మోసుకెళ్ళారు. కోడలు ముందు నడిచింది, వెనక చార్జరు పట్టుకుని పెద్దాయన. అక్కడ కనురెప్ప వేసేలోగా కనెక్టయి కూర్చుంది. దాంతో అసలే గందరగోళంగా ఉన్న వ్యవహారం ఇంకా ముదిరింది. ల్యాప్‌టాప్‌లో లోపం లేదు, డబ్బాలో లోపం లేదు, రెండూ కలిస్తేనే లోపం. పెళ్ళికొడుకూ బుద్ధిమంతుడే, పెళ్ళికూతురూ బుద్ధిమంతురాలే, కాపురం మాత్రం కుదరడంలేదని టీచరమ్మ తీర్పు చెప్పింది.

పోనీ అక్కణ్ణుంచే పంపుదామంటే ఆసుపత్రివాళ్ళు ఒప్పుకోరు. రోగుల సంగతులు కనుక, పేరు నమోదైన ల్యాప్‌టాప్ నుంచి, నమోదైన ఇంటి లైను మీద వస్తేనే తీసుకుంటారు. ఫోను ఇంటర్నెట్ పనికిరాదు, పక్కింటిది పనికిరాదు. తీగతో తగిలిద్దామంటే ఆ పలుచటి ల్యాప్‌టాప్‌కు తీగ పట్టే కన్నమే లేదు. పైఅధికారిణికి ఫోను చేసి ఒక్కరోజు గడువు అడిగితే, నాకూ జాలిగానే ఉంది కానీ అందరికీ ఒకటే రూలు అని ఫోను పెట్టేసింది. కోడలు ఫోను పక్కన పెట్టి మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టింది. ఎనిమిదేళ్ళు ఇంటి చాకిరీ చేసి, తనకంటూ ఒక పని కావాలని రెండేళ్ళు టైపు నేర్చుకుని, ఎన్ని చోట్ల కాదనిపించుకున్నాక ఈ పని దొరికిందో పెద్దాయనకు తెలుసు.

మధ్యాహ్నం కొడుకు ఫోను చేశాడు. కోడలు స్పీకరులో పెట్టింది. జరిగిందంతా విని అతను ఒక్కటే అన్నాడు. "నాన్న లిస్టు ఒక్క గంట తీసేయమను. తలుపు అందరికీ తెరిచేస్తే ఏ గొడవా ఉండదు కదా."

కోడలు పెద్దాయన వైపు చూసింది.

"నంబరు ఉందిగా. అడ్డుపడని లిస్టును తీసేయడమేమిటి?" అన్నాడాయన. గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

"సరే మామయ్యా," అంది కోడలు.

ఎదురు మాట్లాడి ఉంటే ఆయనకు హాయిగా ఉండేది. ఆమె వెళ్ళి మళ్ళీ ఆ చక్రం ముందు కూర్చుంది. భోజనానికి పిలిస్తే ఆకలి లేదంది. ఆయన ఒక్కడే తిన్నాడు. ముద్ద దిగలేదు, భుజం నొప్పి మోచేతిదాకా పాకింది. చేయి కడుక్కుని వచ్చి డబ్బా కింద కుర్చీ వేసుకున్నాడు. గది తలుపులోంచి ఆమె వీపు కనిపిస్తోంది. పొద్దున్నుంచి అలా ఎదురుచూస్తూ కూర్చున్న ఆ వీపును ఎక్కడో చూసినట్టుంది. ఎక్కడో గుర్తు రావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

మిల్లులో నూలు విభాగంలో పనిచేసే ఒకణ్ణి అందరూ ఈల అనేవారు. అసలు పేరు పాసు మీద ఉండేది కానీ ఎవరూ పిలిచేవారు కాదు. వీధి మలుపులోంచే ఈల వేసుకుంటూ వచ్చేవాడు. ఆ ఈల వింటే ముఖం చూడకుండానే గుమాస్తా వాడి పాసు నంబరు ఆరువందల పన్నెండు అని పుస్తకంలో రాసేసుకునేవాడు. ఒకసారి వాడు జబ్బుపడి రెండు నెలలు రాలేదు. ఆ మధ్యలోనే మిల్లులో దొంగతనం జరిగింది. పాసు మీది ఫోటోకూ ముఖానికీ పోలిక లేకపోతే ఎంతటివాణ్ణయినా ఆపాలని హుకుం వచ్చింది. అప్పుడొచ్చాడు వాడు. ఎముకల గూడు, గుండు, లోపలికి పోయిన కళ్ళు. ఈల వేసే ఊపిరి కూడా లేదు. పాసు నంబరు సరిగ్గానే ఉంది. ముఖం మాత్రం ఆ ముఖం కాదు.

నేనే అన్నయ్యా అన్నాడు వాడు. గుమాస్తా పుస్తకంలో సిరాతో 'తిప్పి పంపడమైనది' అని రాశాడు. ఆఫీసు నుంచి చీటీ తెచ్చుకో, పంపుతానన్నాడు. ఆఫీసు గేటుకు లోపలి వైపుంది. ఆ సంగతి అప్పుడు ఇద్దరికీ తట్టలేదు, తట్టినా గుమాస్తా అనుకోదలచుకోలేదు. వాడు ఎక్కడికీ పోలేదు. గేటుకు వీపు ఆనించి ఎండలో కూర్చున్నాడు.

మధ్యాహ్నం వాడు దాహమంటే గుమాస్తా గేటు కమ్మీల సందులోంచి నీళ్ళ గ్లాసు అందించాడు. వాడు గ్లాసు పట్టుకున్న తీరు, తాగి మూతి తుడుచుకున్న తీరు చూశాక గుమాస్తాకు ఇక అనుమానం మిగల్లేదు. వాడు వాడే. గేటు తీయమని సైగ చేస్తే సరిపోయేది. అయితే పుస్తకంలో రాసేశాడు. సిరాతో రాశాడు. కొట్టివేత ఎరగని పుస్తకం అది. సాయంత్రం సైరను మోగేదాకా వాడు అక్కడే ఉన్నాడు, మర్నాడు రాలేదు, ఆ వారంలోనే హాజరుపట్టీలో పేరు కొట్టేశారు. తర్వాత వాణ్ణి ఎవరూ చూడలేదు. రూలు ప్రకారం చేశానని గుమాస్తా ఎవరికీ చెప్పుకోవలసిన అవసరం రాలేదు, ఎవరూ అడగలేదు గనుక. అదే ఆయనను ఇన్నేళ్ళూ తొలిచింది.

మూడు దాటింది. ఏం చేయాలో తోచక ఆయన ల్యాప్‌టాప్ సంచిలో ఉన్న రిపేరు బిల్లు తీశాడు. గేటులోంచి వచ్చిన ప్రతి చీటీనీ కింది వరకూ చదవడం పాత అలవాటు. ధూళి తీయడమైనది, మరలు బిగించడమైనది అన్నవాటి కింద ఇంకో వరుస ఉంది. వైఫై కార్డు కొత్తది వేయడమైనది. ఆయన దాన్ని రెండుసార్లు చదివి షాపుకు ఫోను చేశాడు. కార్డంటే ఏమిటని అడిగితే, లోపలుండే చిన్న బిళ్ళ, నెట్టుతో మాట్లాడేది అదే, పాతది కాలిపోయిందన్నాడు షాపతను.

"దానికి నంబరుంటుందా?"

"దేని నంబరు దానికే ఉంటుందండీ. పాతదానితోపాటే పాత నంబరూ పోయింది."

పెద్దాయన ఫోను కిందపెట్టి ల్యాప్‌టాప్ వైపు చూశాడు. మూత అదే, అడుగున చీటీ అదే, చీటీ మీద నంబరూ అదే. గేటు దగ్గరికి వచ్చి మాట్లాడేది మాత్రం వేరే. అప్పుడు ఈల నంబరు సరిపోయిందని తెలిసీ ముఖం చూసి ఆపాడు. ఇప్పుడు ముఖం చూసి నంబరు సరిపోయిందని తనే సంతకం పెట్టాడు. ఊరంతా వెతికిన పిల్ల పొద్దున్నుంచీ తన చంకలోనే ఉంది. కొడుకు చెప్పినట్టు మధ్యాహ్నమే జాబితా తీసేసి ఉంటే అప్పుడే తేలిపోయేది. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. గడియారం మూడూ ఇరవై ఐదు చూపిస్తోంది.

లేచి కోడలి దగ్గరికి వెళ్ళాడు. గోడ పట్టుకుని నడవవలసి వచ్చింది.

"అమ్మాయ్, ఆపింది నేనే."

ఆమెకు అర్థం కాలేదు. ఆయన బిల్లు చూపించి, ఆయాసపడుతూ, నాలుగు మాటల్లో చెప్పాడు. ల్యాప్‌టాప్‌లో కొత్త నంబరు ఎక్కడుంటుందో ఆమే వెతికి పట్టుకుంది. జాబితాలో పాతది తీసేసి కొత్తది ఎక్కించాలి. అయితే ముందు పుస్తకం. అంత తొందరలోనూ ఆయన పుస్తకం తెచ్చుకుంటే ఆమె వద్దనలేదు.

మూడో వరుస మీద పెన్ను ఆనించి ఆయన ఆగాడు. తర్వాత ఈ చివర నుంచి ఆ చివరి వరకూ అడ్డంగా గీత కొట్టేశాడు. ఆయన చేత్తో కొట్టిన మొదటి కొట్టివేత అది. పెద్దగా ఏమీ జరగలేదు, ఒక గీత పడింది, అంతే. ఇంత తేలికా అని ఆయనకు ఏడుపొచ్చింది. కోడలు ఒక్కో అక్షరం చదివింది, ఆయన ఒక్కో అక్షరం తిరిగి చెబుతూ పన్నెండో వరుసలో రాశాడు, ఆ తర్వాత ఫోనులో కొట్టాడు. ఆరో అక్షరం తప్పుపడితే ఆమే దిద్దింది.

చక్రం ఒక్క చుట్టు తిరిగి ఆగింది. కనెక్టయింది. కోడలు చేత్తో నోరు మూసుకుంది. పద్నాలుగు ఉత్తరాలూ ఒకదాని వెనక ఒకటి వెళ్ళాయి. పద్నాలుగూ అందినట్టు అవతలి నుంచి మాట వచ్చేసరికి నాలుగు కావడానికి ఇంకా తొమ్మిది నిమిషాలుంది.

"అన్నీ వెళ్ళాయి మామయ్యా."

"పొద్దుట్నుంచీ నిన్ను బయటే నిలబెట్టాను," అన్నాడు పెద్దాయన. "వెళ్ళు, ముందు నాలుగు మెతుకులు తిను."

ఆమెకు ఆయన మీద కోపం లేదు, ఉన్నా ఆ మాటతో పోయింది. తిని, ఇద్దరికీ టీ పెట్టుకుని, హాల్లోకి వచ్చింది. పెద్దాయన డబ్బా కింద కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. ఒళ్ళో పుస్తకం తెరిచి ఉంది, కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. నిద్రపట్టిందనుకుని గ్లాసు పక్కన పెట్టి, కళ్ళజోడు తీయబోయింది. ముక్కు చల్లగా తగిలింది. మామయ్యా అని పిలిచింది. భుజం పట్టి కదిపి మళ్ళీ పిలిచింది. టీచరమ్మను కేకేసి, భర్తకు ఫోను చేసింది. వీధి చివరి డాక్టరు వచ్చి చేయి పట్టుకుని చూసి, గుండె ఆగి అరగంటైనా అయి ఉంటుందన్నాడు. టీ మీద మీగడ కట్టింది.

వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయాక ఒక ఉదయం కోడలు డబ్బా మీది దుమ్ము తుడిచింది, రెండు కొమ్ములూ విడివిడిగా తుడిచింది. అల్మరాలో పడేసి ఉన్న పుస్తకం అప్పుడు తెరిచి చూసింది. పన్నెండో వరుసలో తన ల్యాప్‌టాప్ ఉంది. దాని కింద, తను అన్నం తింటున్నప్పుడు రాసినట్టుంది, పదమూడో వరుస ఒకటి ఉంది. వస్తువు అన్న గడి ఖాళీ. ఎవరిది అన్నచోట ఈల అని రాసి ఉంది. ఈల ఎవరని భర్తను అడిగింది. అతనికి తెలియదు. డబ్బా జాబితాలో వెతికితే అలాంటిదేమీ లేదు. మూడంకెల నంబరు ఏ ఫోనుకుంటుంది, చివరి ఘడియల్లో తడబడి ఉంటాడు, కొట్టేయమన్నాడు అతను.

ఆమె కొట్టేయలేదు. పుస్తకాన్ని మేకుకు తగిలించి, పెన్ను దారం చిక్కు తీసి వదిలింది. పదమూడో వరుసలో నంబరు ఆరువందల పన్నెండు, పక్కనే ఆయన పోయిన రోజు తేదీ, తేదీ గడి చాలక అంచు దాకా సాగిన అక్షరాలతో, లోపలికి పంపడమైనది.